పువ్వంత బరువు

కురబలకోట చుట్టుపట్ల పల్లెల్లో కొత్త విగ్రహాన్ని తెచ్చేటప్పుడు ఒక కట్టుబాటు పాటిస్తారు. శిల్పి పాకలో స్వామిని పైకెత్తిన క్షణం నుండి ఊరికి తెచ్చి జలాధివాసానికి నీళ్లలో ఉంచేదాకా ఆయనను నేలమీద దింపరాదు. ఆయన విషయంలో ‘బరువు’ అన్న మాట పలుకరాదు. ఎత్తినవారిని ఆ ఇంటి పెద్ద ఆడమనిషి “ఎట్లుండాడు సామి?” అని అడుగుతుంది. మెడనరాలు తాళ్లవలె తేలుతున్నా సరే, ఎత్తినవారు “పువ్వంత” అని బదులు చెప్పాలి. తానై మన ఇంటికి వస్తున్న భగవంతుణ్ణి భారమనడం కంటె అమర్యాద లేదని వారి నమ్మకం. ఇది ఆగమంలో ఉన్నదా అని నన్ను కొందరు అడిగారు. నేను చదివినంతలో లేదు. ఇంత చక్కని మాట ఆగమంలో లేకపోతే ఆ లోటు ఆగమానిదేనని చెబుతూ వచ్చాను.

తొంబై ఏడో సంవత్సరం వైశాఖంలో మల్లప్ప వేణుగోపాలస్వామిని తేవడానికి కుప్పం బయలుదేరుతూ నన్నూ వెంట రమ్మన్నాడు. మల్లప్ప మదనపల్లె మండీలో టమాటా వ్యాపారి. క్రేటును ఒక్కసారి అరచేతులతో ఎత్తి దించి, ఇన్ని కిలోలని చెబితే తక్కెడ తలవంచి ఒప్పుకునేది. తండ్రి మొదలుపెట్టి మధ్యలో వదిలిన గుడిని తన ఊళ్లో అతడే పూర్తిచేశాడు. నేను బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ప్రతిష్ఠకు కావలసిన విధి విధానాలు చెప్పడానికి నన్ను పిలిచేవారు.

ఆ ప్రయాణం మల్లప్పకు మొదటిది కాదు. నాలుగేండ్ల క్రిందట ఇదే శిల్పి చేత ఇదే స్వామిని చేయించి, మండీ లారీ ఒకటి కుప్పానికి పంపి తెప్పించాడు. ఊరు చేరి గడ్డి తొలగించి చూస్తే స్వామి చేతిలోని వేణువు రెండు ముక్కలై ఉంది. ఖండితమైన విగ్రహం పూజకు తగదు. శాస్త్రం చెప్పినట్లు నీటిలో విడిచిపెట్టాము. “మల్లప్ప చేతిమీదుగా రావడం స్వామికి ఇష్టం లేదు” అని ఊళ్లో ఒక మాట పుట్టింది. అతని ఎదుట ఎవరూ అనలేదు. అనకపోయినా అతడు విన్నాడు. ఆనాటి నుండి తాను కట్టించిన గుడిలో తానే గడప దాటి లోపలికి పోయేవాడు కాదు. ఈసారి కూడా వేణువు విరిగితే మూడోసారి ప్రయత్నించే ధైర్యం తనకు లేదని నాతో ఒకనాడు మెల్లగా అన్నాడు.

అందువల్ల ఈసారి లారీ వద్దనుకున్నాడు. తన అంబాసిడర్ కారు తీశాడు. బండి నడిపేది అతని తమ్ముని కుమారుడు మురళి. అప్పటికే పెండ్లయి, ఇద్దరు బిడ్డల తండ్రి. మల్లప్ప తల్లి రెడ్డెమ్మ, పాకలో స్వామి మీద వేసిన చేయిని నీళ్లలో దింపేదాకా తీయనని మొక్కుకున్నది. మల్లప్ప భార్య కృష్ణవేణి, ఊరి పెద్దగా మునెప్ప, నేను. మునెప్ప మల్లప్పకు బావ వరుస. శరీరంలోనూ, మాటలోనూ పొదుపు తెలియనివాడు.

శిల్పి పాక కుప్పానికి అవతల ఒక బండరాళ్ల గుట్ట వెనుక ఉంది. స్వామి రెండున్నర అడుగులు. నల్లని శిల నిగనిగలాడుతూ, ఇప్పుడే నీటిలో నుండి లేచినట్లుంది. వేణువు రెండు కొనలూ దేనికీ అంటకుండా గాలిలో నిలిచి ఉన్నాయి. శిల్పి వాటికి దూది చుట్టి, గుడ్డ కట్టి, “ఇది ఒక్కటే జాగ్రత్త నాయనా. మిగతా స్వామి ఏనుగు తొక్కినా చెక్కుచెదరడు. ఇది మాత్రం ఒక్క దెబ్బకు పోతాది,” అన్నాడు.

నలుగురు ఎత్తారు. మునెప్ప ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

“ఎట్లుండాడు సామి?” అన్నది రెడ్డెమ్మ.

“పువ్వంత,” అన్నాడు మునెప్ప, పండ్ల సందునుండి. “మంచి పెద్ద పువ్వు.”

“పెద్ద అనగాకు అల్లుడా.”

“సరే అత్తా. ఉత్త పువ్వే.”

వెనుక సీటు నడుమ దూదిపరుపుల మధ్య స్వామిని నిలువుగా కూర్చోబెట్టారు. ఒక పక్క రెడ్డెమ్మ, ఒక పక్క కృష్ణవేణి. ముందు సీటులో మురళి, మల్లప్ప, నేను, తలుపును ఒత్తుకుంటూ మునెప్ప. స్వామి నిలవవలసిన రాతి పీఠాన్ని డిక్కీలో పెట్టారు. పాకలో స్వామిని ఉంచిన ధాన్యం ఒక మూట. అది కూడా రావలసిందే గనుక పీఠం పక్కన చేరింది.

అక్కడితో ఆగి ఉంటే ఏమో గాని, వేణుగోపాలుడు వస్తున్నాడన్న వార్త మాకంటె ముందే బయలుదేరింది. వెంకటగిరికోటలో కృష్ణవేణి పుట్టింటివారు రోడ్డు మీదనే నిలబడి ఉన్నారు. వాళ్లు ఒక గోతాము టెంకాయలు ఇచ్చారు. ఆ పక్క వీధివారు ఇంకొక గోతాము తెచ్చారు. మరి కొంచెం దూరం పోయేసరికి బెల్లం బుట్ట, ఆ పైన గెలలతో సహా రెండు అరటిచెట్లు. దేవునికిచ్చినదానిని వద్దనకూడదు. డిక్కీ మూత పడక తాడుతో కట్టారు. అరటిచెట్లు బండి నెత్తికెక్కాయి.

“పడతాదా మురళీ?” అని మల్లప్ప అడిగాడు.

“చోటుంటే పడతాది పెదనాయనా. అంబాసిడరంటే ఏమనుకుంటాండావు? ఏనుగు బండి ఇది.”

ఎవరికి వారు చోటు చూశారే గాని మోత చూడలేదు. రోజంతా తూకాల నడుమ బ్రతికే మల్లప్ప కూడా లెక్క కట్టలేదు. కట్టాలంటే వరుసలో స్వామిని కూడా వేయాలి. ఆ మాట నోట అనరాదు సరే, మనసులో అనుకోవడానికీ అతనికి భయంగానే ఉండి ఉంటుంది.

బైరెడ్డిపల్లె దాటిన తరువాత తేడా తెలిసింది. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్లుగా స్టీరింగు మురళి చేతిలో తేలిపోయింది. చిన్న గుంతలో దిగినా వెనుకభాగం ఠక్కున కూలబడి కిందనుండి రాతితో కొట్టినట్లు చప్పుడయ్యేది. ప్రతి చప్పుడుకూ మల్లప్ప కండ్లు మూసుకునేవాడు. ఇంతలో ఒక దిగుడు దగ్గర గొర్రెలమంద అడ్డం వచ్చింది. మురళి చాలా ముందుగానే బ్రేకు తొక్కాడు. బండి మాత్రం తనకేమీ తెలియనట్లు దొర్లుకుంటూ పోయి, చివరి గొర్రె తోకను తాకేంత దగ్గరలో ఆగింది.

గొర్రెలకాపరి కిటికీలోనుండి తొంగిచూసి, “ఎంతమంది ఉండారప్పా లోపల?” అన్నాడు.

“ఆరుమంది,” అన్నాడు మునెప్ప.

వెనుకనుండి రెడ్డెమ్మ దిద్దింది. “ఏడుమంది.”

ఆ మాట నా చెవిలో నిలిచిపోయింది.

దిగి చూశాము. వెనుక టైర్లు పక్కలకు ఉబ్బి ఉన్నాయి. “కవణం బుగ్గన పెట్టుకోనుండాయి,” అన్నాడు మునెప్ప. కవణమంటే ఆ ప్రాంతపు మాటలో పెద్ద అన్నంముద్ద. చేయి పెట్టి చూస్తే టైరు పెనంలాగా కాలుతోంది. దాని పైభాగం మడ్‌గార్డు రేకును ఒరుసుకుని నల్లని గీత పడింది. రబ్బరు కమురువాసన వస్తోంది.

“గాలి కొట్టిస్తే సరిపోతాది,” అన్నాడు మురళి, కాని ఆ గొంతులో ఏనుగు లేదు.

మల్లప్ప రెండు చేతులూ నడుముకు పెట్టుకుని బండిని చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నా దగ్గరకు వచ్చాడు.

“అయ్యవారూ, లెక్క చూడాల.”

“చూడు మరి.”

“ఎట్లా చూసేది? అందరినీ తూచచ్చు. ఆయన్ని…” అని ఆగిపోయాడు.

పలమనేరు పొలిమేరలో ఒక రైస్‌మిల్లు పక్కన లారీలను తూచే కాటా ఉంది. అంతదాకా నడకవేగంతో పోయాము. కాటా మనిషి గదిలోనుండి తల బయటపెట్టి, “ఏం సరుకు?” అని అడిగాడు.

రెడ్డెమ్మ భగ్గుమన్నది. “సరుకంట, సరుకు. సామిరా ఆయన. మల్లప్పా, నువ్వు సామిని లారీ కాటా మీద ఎక్కిస్తాండావా? నాకు తెలీక అడగతాండాను, ఉల్లిగడ్డలా ఈయన?”

మల్లప్ప నావైపు చూశాడు. అది నా వంతు.

“అమ్మా,” అన్నాను, “బిడ్డకు జబ్బు నయమైతే తులాభారం మొక్కుకుంటాము గదా. ఒక తట్టలో బిడ్డ, ఒక తట్టలో బెల్లం. స్వామి ఎదుటనే తూస్తాము. ఆయన అన్నివేళలా తూకం చూస్తూనే ఉన్నాడు. తక్కెడ ఆయనకు కొత్త కాదు, తప్పు కాదు. ఇక మాట అంటారా, ఆయన తూకమింత అని మనలో ఎవరం నోరు విప్పము.”

“నోరు ఇప్పకుండా లెక్క ఎట్లా కడతారు?”

ఆమె స్వామి మీద ఉంచిన తన అరచేతిని చూసుకున్నది. తరువాత ఆమె తానే దారి చూపింది.

“నేను ఎట్లాగూ దిగను. చెయ్యి తీయను. మీరంతా దిగండి. ఆయన్నీ నన్నూ కలిపి తూచుకోండి. వచ్చిందంతా నా బరువని చెప్పుకోండి. ముసలిది బాగా బలిసిందనుకుంటారు, అంతే గదా.”

మునెప్ప నవ్వు ఆపుకోలేక రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు.

మొదట అందరమూ కూర్చుని ఉండగానే బండిని తూచాము. కాటా మనిషి అంకె చెప్పాడు. సరిగ్గా రెండు వేల కిలోలు. మల్లప్ప ఆ కారు కొన్ననాడే దానిని మండీ కాటా మీద ఎక్కించి చూసినవాడు. కొన్న ప్రతిదాన్నీ తూచడం అతని అలవాటు. ఖాళీ బండి పదకొండు వందల యాభై.

“అంటే ఎనిమిదొందల యాభై మోస్తాండాది,” అన్నాడు మెల్లగా.

“మోస్తాండాది గదా,” అన్నాడు మురళి.

“మోయడం గాదురా, మునగడం. ఈ బండి ఎంతకు కట్టినారో సూద్దాం. సీట్లు ఎంతమందికి?”

“అయిదుగురికి.”

“కట్టినోడు మనిషికింత అని ఏసుకోని ఉంటాడు గదా. డెబ్బై అనుకో. మూటాముల్లెకు ఒక యాభై అనుకో. నాలుగొందలు. దానికి తగినట్లు కింద కమాను పట్టీలు ఏసినాడు, దానికి తగిన టైర్లు ఏసినాడు, దానికి తగిన బ్రేకు పెట్టినాడు. మనం దానికి రెండింతలు ఎక్కించి, ఆగలేదేమని గొర్రెల ముందర అడగతాండాం.”

“మనిషికి డెబ్బై అంటే కట్టినోడు నన్ను సూడలేదన్నమాట,” అన్నాడు మునెప్ప.

“సూసింటే ఇద్దరికే సీట్లు ఏసుండును.”

తరువాత దింపడం మొదలైంది. అరటిచెట్లు దిగాయి. పైన కట్టిన మోత మలుపుల్లో బండిని పక్కకు ఈడుస్తోందని మురళి అప్పుడు చెప్పాడు. టెంకాయలు, బెల్లం, ధాన్యం, పీఠం దిగాయి. మేమందరమూ దిగాము. ఒక్కొక్కటి దిగినప్పుడల్లా బండి వెనుకభాగం నిట్టూర్చి లేచినట్లు కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. చివరికి కాటా మీద కారు, కారులో పరుపుల నడుమ స్వామి, ఆయన భుజం మీద చేయి వేసుకుని రెడ్డెమ్మ. ఎన్నో ఉత్సవాలు చూశాను. పల్లకిలో కంటె, రథం మీద కంటె, ఆ మధ్యాహ్నం ఆ ఇనుపపలక మీద ఆ ఇద్దరూ ఊరికే కూర్చుని ఉన్న తీరు నాకు కన్నులపండువుగా తోచింది.

కాటా మనిషి అంకె చెప్పాడు. మల్లప్ప మనసులో తీసివేశాడు.

“అమ్మ నూటాఎనభై అయిదు,” అన్నాడు.

“చూడు, తిండి ఎంత తగ్గించినా తగ్గలేదు,” అన్నది రెడ్డెమ్మ లోపలినుండి.

ఆ లెక్క తేలిన తరువాత మిగతాది సులువైపోయింది. ఇంతసేపూ అడ్డమై నిలిచింది ఆ ఒక్క అంకెయే. మురళి నడపాలి, అరవై. స్వామి రెండోపక్కకు ఒరగకుండా కృష్ణవేణి పట్టుకోవాలి, అరవై అయిదు. నాలుగు వందలకు ఇంకా తొంబై కిలోలు మిగిలింది. మల్లప్ప తూకం సరిగ్గా ఎనభై అయిదు.

“సరిపోయింది. నువ్వెక్కు బావా,” అన్నాడు మునెప్ప. “నేనూ అయ్యవారూ బస్సులో వస్తాం.”

మల్లప్ప కారు తలుపు మీద చేయి వేశాడు. స్వామితో కూడా ఊరి పొలిమేర దాటాలని, ఎదురుకోలుకు వచ్చిన జనం ముందర తానే తలుపు తీయాలని నాలుగేండ్లుగా అతడు కోరుకున్నాడు. ఆ చేయి అక్కడే కొంచెంసేపు ఉండి, తరువాత వెనుకకు వచ్చింది.

“నేనెక్కితే అంచుకు వస్తాది,” అన్నాడు. “మండీలో సూడు, అంచుదాకా నింపిన క్రేటులోనే పండు నలిగేది. నాలుగు వేళ్లు ఖాళీ ఇడిస్తే మద్రాసు దాకా పోయినా మచ్చ పడదు. నేను దిగిందే ఆ నాలుగు వేళ్లు.”

కృష్ణవేణి లోపలినుండి, “నేను దిగతా, నువ్వు వచ్చి పట్టుకో,” అన్నది.

“నీ చేతికి నిదానముండాది. నాకు లేదు. నువ్వే పట్టుకో.”

ఆమె తన పైటకొంగు మడిచి, స్వామికీ తలుపుకూ నడుమ దూర్చింది.

దిగిన వస్తువులు రోడ్డు పక్కన కొండలాగా ఉన్నాయి. అదృష్టవశాత్తు మదనపల్లె మండీకి మద్రాసునుండి ఖాళీగా తిరిగిపోతున్న లారీ ఒకటి ఆ దారిన వచ్చింది. డ్రైవరు మల్లప్పకు తెలిసినవాడే. పీఠాన్ని, మూటలను అందులోకి ఎక్కించాము. మల్లప్ప, మునెప్ప వాటి పక్కనే ఎక్కారు. క్యాబిన్‌లో కూర్చోమని నన్ను బ్రతిమాలారు. స్వామి పాదాల కింద ఉండబోయే పీఠం దగ్గరనే ఉంటానని నేను కూడా వెనుకనే ఎక్కాను. ఆ నిర్ణయాన్ని పుంగనూరు చేరకముందే నా నడుము ప్రశ్నించింది.

అంత పెద్ద లారీలో పీఠం, నాలుగైదు మూటలు, మేము ముగ్గురం. అంతకు మించి ఏమీ లేదు. పెద్దపంజాణి దారిలో రోడ్డు అంతా అతుకులే. కారు మా ముందర బరువు తీరిన ఆవువలె నెమ్మదిగా, సమంగా పోతోంది. వెనుక చక్రానికీ రేకుకూ నడుమ చేయి పట్టేంత సందు నాకు స్పష్టంగా కనబడుతోంది. లారీ మాత్రం చిన్న గుంత వచ్చినా మమ్మల్ని గాలిలోకి విసిరి, కింద పడేలోపల ఇంకొక గుంత దగ్గరకు తీసుకుపోయేది. టెంకాయలు దొర్లి మునెప్ప మోకాళ్లకు తగిలాయి.

“బావా, దీని టైర్లకు ఏమొచ్చింది? ఇవేం ఉబ్బలేదే. మరి యాల ఎగరతాండాది ఇట్లా?”

మల్లప్ప పీఠాన్ని చూస్తున్నాడు. నలుగురు మనుషులు కష్టపడి ఎత్తిన ఆ రాయి, గుంత వచ్చినప్పుడల్లా చెక్కపలక మీదనుండి బెత్తెడు లేచి ధన్‌మని పడుతోంది. అతడు దాని మీద అరచేయి వేసి నొక్కిపట్టాడు. చేయితో సహా లేచింది.

“ఇది పది టన్నులకు కట్టిన బండి,” అన్నాడు చివరికి, తనలో తాను చెప్పుకుంటున్నట్లు. “పట్టీలు అంత బిరుసు. పది టన్నులు ఏస్తే అణిగి మెత్తగా పోతాది. ఏమీ ఏయకుంటే అణగవు. ఎగరేస్తాయి.”

తరువాత నావైపు తిరిగాడు. “అయ్యవారూ, ఆ పొద్దు లారీలో సామితో కూడా ఏమేమి ఉండె?”

“నీవే చెప్పాలి. నేను ఆనాడు రాలేదు గదా.”

“ఏమీ లేదు. సామి పక్కన ఇంకో సరుకు ఉండకూడదని ఒక్క క్రేటు గూడా ఏయనీలేదు నేను. కడిగించి, గడ్డి పరిపించి, సామినొక్కడినే పంపించినాను. ఆయనొక్కడే. ఇంత బండిలో.”

లారీ ఇంకొకసారి ఎగిరింది. మునెప్ప తన పక్కటెముకలు పట్టుకుని పడిపోయి లేచాడు. మల్లప్ప పీఠం మీద చేయి తీయలేదు. అతని ముఖంలో నాలుగేండ్లుగా బిగిసి ఉన్నదేదో వదులవుతూండడం నేను చూశాను.

“అలిగి ఇరగలేదు అయ్యవారూ,” అన్నాడు. “సామి నా మీద అలిగి ఇరగలేదు. ఎగిరి ఇరిగినాడు.”

నేను తల ఊపాను. భక్తి మొదటిసారి బండిని మరీ తేలిక చేసింది, రెండోసారి ముంచబోయింది అని చెప్పవచ్చును గాని, అతడు అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. మొదట ఒక పెదవితో, తరువాత భుజాలతో, చివరికి కండ్లు తుడుచుకుంటూ. ఎందుకో తెలియకుండానే మునెప్ప కూడా నవ్వాడు. లారీ మమ్మల్ని ముగ్గురినీ ఎగరవేస్తూనే ఉంది.

పుంగనూరులో ఒక వీధివారు మళ్లీ టెంకాయల గోతాముతో కారును ఆపారు. కృష్ణవేణి కిటికీలోనుండి చేయి చాచి, “అన్నా, సామికిచ్చేదంతా ఆ లారీలో వేయండి. ఆడ మా ఆయన ఉండాడు, ఆయనకు చోటు బాగా ఉండాది,” అన్నది. వేశారు. ఇంకొక వీధిలో రెండు మూటల రాగులు కూడా వచ్చి చేరాయి. ఒక్కొక్కటి చేరినకొద్దీ లారీ ఎగరడం కొంచెం తగ్గిందని మునెప్ప అన్నాడు. మదనపల్లె వచ్చేసరికి నిజంగానే తగ్గింది. మండీ ముందర మల్లప్ప లారీని నిలిపి, ఖాళీ క్రేట్లు ఒక వరుస, వాటిమీద రాళ్లుప్పు మూటలు ఒక వరుస వేయించాడు. ఎవరి సరుకో నేను అడగలేదు. ఆ తరువాత నేను మిగిలిన దారంతా కునుకు తీశాను.

పొద్దు ఇంకా ఉండగానే ఊరు చేరాము. పొలిమేరలో డప్పులు, పూర్ణకుంభం, జనం. కారు ముందు ఆగింది. మురళి దిగి తలుపు తీయబోయి, వెనుకకు తిరిగి లారీవైపు చూస్తూ నిలబడ్డాడు. తన పెదనాయన దిగి వచ్చేదాకా తలుపు మీద ఎవరినీ చేయి వేయనివ్వలేదు, తానూ వేయలేదు. మల్లప్ప తలనిండా లారీ దుమ్ముతో, చొక్కాకు బెల్లం అంటుకుని, కుంటుతూ వచ్చి తలుపు తీశాడు.

గుడి ముందర రాతితొట్టి నిండా నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. రెడ్డెమ్మ చేయి తీయకుండానే దిగింది. నలుగురు ఎత్తారు. ముందువైపు మల్లప్ప పట్టాడు. వేణువుకు చుట్టిన గుడ్డను నేను విప్పాను, దూది తీశాను. రెండు కొనలూ, శిల్పి ఉలి వదిలిన చోటనే, గాలిలో నిలిచి ఉన్నాయి. జనంలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

“ఎట్లుండాడు సామి?” అన్నది రెడ్డెమ్మ.

మల్లప్ప నుదుటనుండి చెమట కారి గడ్డం మీదుగా జారుతోంది. “పువ్వంత,” అన్నాడు. ఆ మాట చెబుతూ ఇంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

స్వామి నీటిలోకి దిగాడు. రెడ్డెమ్మ చేయి ఆయనతో కూడా మోచేతిదాకా మునిగి, ఒక్కటే పైకి వచ్చింది. ప్రతిష్ఠనాడు మల్లప్ప గడప దాటి లోపలికి పోయాడు. పీఠం మీద స్వామిని నిలిపే వేళ పక్కనే ఉన్నాడు.

నీటిలో ఉంచిన తరువాత కట్టుబాటు తీరిపోతుంది. ఇక ‘బరువు’ అనవచ్చు. ఆ సాయంత్రమే మునెప్ప ఆరాటపడ్డాడు.

“అత్తా, ఇప్పుడు సెప్పచ్చు గదా. సామి ఎంత, నువ్వెంత?”

“అంతా నేనే అల్లుడా. నూటాఎనభై అయిదు.”

“బియ్యం తక్కెడ ఈడనే ఉండాది. ఒక్కసారి ఎక్కి దిగితే లెక్క తేలిపోతాది.”

“తేలనీకూడదనే ఎక్కను.”

ఎక్కలేదు. ఆ తరువాత మల్లప్ప తన మండీ లారీలకూ, మురళి ఆ కారుకూ మోత చూసుకోకుండా తాళం తిప్పిన రోజు లేదు. పెండ్లికని ఎవరైనా ఎనిమిదిమంది కారులోకి ఎక్కబోతే మురళి అడ్డం నిలబడి, “నలుగురు దిగండి. నాలుగు వేళ్లు ఖాళీ ఉండాల,” అనేవాడు. అర్థం కాక వాళ్లు తమ చేతివేళ్లు చూసుకునేవారు.

ఎనిమిదేండ్ల తరువాత రెడ్డెమ్మకు ఆయాసం వచ్చి మదనపల్లెలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. చూడడానికి నేనూ వెళ్లాను. నర్సు ఆమెను బరువు చూసే మిషను మీద నిలబడమన్నది. రెడ్డెమ్మ రెండు చేతులతో మంచం పట్టీ పట్టుకుని కూర్చుంది. నర్సు బుజ్జగించింది, డాక్టరు వచ్చి చెప్పాడు, కృష్ణవేణి బ్రతిమాలింది. పిచ్చుకంత మనిషి, మంచం నుండి ఒక్క అంగుళం కదలలేదు.

“తెలిసిపోతాది అయ్యవారూ,” అన్నది నాతో, చెవిలో చెప్పినట్లు. “నాది తెలిస్తే ఆయనది గూడా తెలిసిపోతాది.”

తరువాత నర్సువైపు తిరిగి, చాలా మర్యాదగా చెప్పింది.

“నూటాఎనభై అయిదని రాసుకో తల్లీ.”